కూపంటే కొట్టిన సోటు కాదే...

మావా,

బాగున్నావా? మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు వెళ్ళిపోయి ఏడాదిన్నర దాటుతోంది. నెలలు లెక్కపెట్టడం నాకు చేతకాలేదు, చెరకుని చూసి చెప్తున్నాను. నువ్వు ఆఖరుసారి దగ్గరుండి నాటించిన తోట నరికేశాం. బెల్లం వండేశాం, అనకాపల్లి బజారుకి తోలేశాం కూడా. ఆ నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి తోట ఇప్పుడు నా నడుం దాటింది.

నరికేటప్పుడు నువ్వు లేవు కదా, గట్టు మీద నేనే నిలబడ్డాను. కూలీలు మోళ్ళు ఎత్తుగా వదిలి నరికేస్తుంటే నాకే తెలియకుండా నీ అరుపు నా నోట్లోంచి వచ్చేసింది. "నేలకి ఆనించి కొట్టండ్రా, లేకపోతే పిలక లెగదు!" అందరూ ఒక్కసారి కత్తులు ఆపి నావైపు చూశారు. తర్వాత నవ్వారు. నేనూ నవ్వాను... కాసేపటికి గట్టు దిగి, నీళ్ళు తాగే నెపంతో అవతలికి వెళ్ళి ఏడ్చాను.

సరే, ఆ సంగతి కాదు నేను రాయబోయింది. నిన్నొక మాట అడగాలి. ఇన్నేళ్ళు కాపురం చేసి ఏనాడూ అడగని మాట.

కూపు అంటే ఏమిటి మావా?

నవ్వకు. కూపోడి పెళ్ళాన్ని, కూపోళ్ళ వీధిలో ఉంటాను, నాకు తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. అడవిలో చెట్లు కొట్టే చోటు అని తెలుసు. మీ నాన్న, నువ్వు, మన వీధి మగాళ్ళంతా వరి కోతలు అవ్వగానే గొడ్డళ్ళు, రంపాలు సర్దుకుని కొండలెక్కేవాళ్ళని తెలుసు. తొలకరి పడ్డాక దిగేవాళ్ళని తెలుసు. అందుకే ఊరంతా మనల్ని కూపోళ్ళు అన్నారని తెలుసు. కానీ ఆ మాటకి అర్థం? అది తెలుగా, ఉర్దూనా, కొండ భాషా? ఎవరికీ తెలియదంటే నమ్ముతావా?

వాడుకలకైతే కొదవే లేదు. నీకు కనబడిందల్లా కూపే కదా. సింహాచలంలో మన రమేషుకి పుట్టువెంట్రుకలు తీయిస్తే, వాడి గుండు నిమిరి "కూపు శుబ్బరంగా తెరిసేరే" అన్నావు. కంచం ఖాళీ చేసి నా ముందుకి తోసి "సూడు, కూపు సాపు" అనేవాడివి. నాకు ముందు పన్ను ఊడితే "ఏటే సత్తీ, నోట్లో కూపు మొదలెట్టేవు" అన్నావు. ఆ పూట నీకు పప్పు లేదు, ఉత్త చారే పోశాను. గుర్తుందా?

నీ ఒక్కడికేనా? వీధి వీధంతా అంతే. ఆవురావురుమని తినేవాణ్ణి కూపు నుంచి దిగినట్టు తింటున్నాడంటాం. చెప్పిన వేళకి రానివాణ్ణి కూపుకెళ్ళాడా అని అడుగుతాం. మొగుడు కొండల మీద ఉండగా ఒక్కతీ సంసారం ఈదే ఆడదాన్ని కూపు పెళ్ళాం అంటాం. నేను కాపరానికి వచ్చిన ఏడాదే మీ అమ్మ నాకు ఆ పేరు తగిలించింది. తిట్టులా అనలేదులే... తనకీ అదే పేరు కదా.

ఇంకోటి చెప్పనా? మీరంతా తొలకరికి దిగేవాళ్ళు కాబట్టి మన వీధి పిల్లలందరూ ఫాల్గుణంలోనో చైత్రంలోనో పుట్టారు. బడిలో చేర్చేటప్పుడు వరసగా అవే నెలలు చెప్తుంటే హెడ్మాస్టరు మమ్మల్ని అనుమానంగా చూసేవాడు. మాకేమో చెప్పలేక సిగ్గు, ఆపుకోలేక నవ్వు. రమేషు పుట్టినప్పుడు నువ్వు కూపులోనే ఉన్నావు. వాడు బోర్లా పడడం నేర్చుకున్నాక దిగావు. గడ్డం చూసి వాడు కెవ్వుమంటే, వాకిట్లో నిలబడి వాడికంటే ఎక్కువ బెదిరిపోయావు.

అసలు సంగతికొస్తాను.

మొన్న ఎండాకాలంలో మన సచివాలయం అమ్మాయి వచ్చింది, దివ్య. చోడవరం పిల్ల, చలాకీది. వీధులన్నిటికీ నీలం రంగు బోర్డులు పెడుతున్నారట, మన వీధికి పేరేమిటని అడిగింది. కూపోళ్ళ వీధి అన్నాం. అంటే ఏటండి, అంది. అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఎప్పుడో రేషను కూపన్లు పంచినోళ్ళు ఈ వీధిలో ఉండేవారేమోనని ఒకాయన, కాదు కాదు కూపీలు లాగే పోలీసు తాత ఒకడుండేవాడని ఇంకొకాయన. పోలీసు ఎప్పుడున్నాడయ్యా మన వీధిలో? మీ చిన్నాన్న ఎర్రటోపీ పెట్టుకున్నది పెళ్ళి బ్యాండులో!

ఇదంతా చూసి దివ్య వెళ్ళి మన తెలుగు మేష్టారిని అడిగింది. అదే, రమేషుకి చదువు చెప్పిన ఆయన. రిటైరై రామాలయం వెనక ఉంటున్నారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట. కూపం అంటే నుయ్యి, సంస్కృతం, ఆ వీధిలో పూర్వం నూతులు తవ్వేవాళ్ళు ఉండేవారు అని తేల్చేశారు. ఇంకేముంది, వారం తిరక్కుండా బోర్డు వచ్చేసింది. ఏమని? "కూపముల వీధి".

మావా, నువ్వుండి ఆ బోర్డు చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడివి. ఊళ్ళో ఏ వీధికి నుయ్యి ఉన్నా మన వీధికి లేదు కదా! కుళాయిలు వచ్చేదాకా నాయుళ్ళ నూతికి బిందెలు మోసి మోసి నా నడుం విరిగింది. అయినా బోర్డు వచ్చిందంటే దానికో బలం ఉంటుంది చూడు... రెండ్రోజుల్లో మన వీధి చివర రాళ్ళ గుంట పురాతన నుయ్యి అయిపోయింది. అది తవ్వింది మా తాతంటే మా తాతని ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాకా వెళ్ళారు. ఆ గుంట మనం గోడ కట్టడానికి మట్టి తీసుకున్నదే. అది చెప్తే ఇద్దరికీ నా మీద కోపం వచ్చింది.

నేను దివ్య దగ్గరికి వెళ్ళి తప్పమ్మా, మార్చమన్నాను. ఆ పిల్ల మంచిదే. పంచాయతీ వాళ్ళు కూర్చునే రోజు దగ్గర్లోనే ఉంది, ఆ రోజు సరైన పేరు, దాని అర్థం చెప్తే మార్చేద్దామంది. కానీ చెప్పేది మీ వీధి వాళ్ళంతా ఒక్క మాట మీద చెప్పాలంది.

ఒక్క మాట... అక్కడే వచ్చింది చిక్కు. చిక్కు పెట్టింది ఎవరో కాదు, నీ కొడుకే.

రమేషు కూపముల వీధీ వద్దన్నాడు, కూపోళ్ళ వీధీ వద్దన్నాడు. గ్రీన్ సిటీ అని పెట్టాలట. వాడితో కంపెనీ బస్సులో వెళ్ళే కుర్రాళ్ళంతా వాడి వెనకే. ఎందుకురా, తాత నాటి మాట, మీ నాన్నని పిలిచిన మాట అన్నాను. వాడికి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తని పిల్లాడు, నీలాగే... ఆ రోజు అన్నం ముందు కూర్చుని చెప్పాడు. బడిలో మేష్టారు కూపస్థ మండూకం అనే మాట చెప్పిన రోజు, అంటే నూతిలో కప్పలు, అదిగో కూపోళ్ళ వీధి పిల్లలు అని చూపించారట. పదో తరగతి దాకా వీణ్ణి బడంతా కప్ప కప్ప అనే పిలిచారట. మన వీధి పిల్లలు నలుగురు కలిసి నడుస్తుంటే వెనక నుంచి బెకబెకలాడేవారట.

నాకు ఒక్కనాడూ చెప్పలేదు మావా. నీకు చెప్పాడా? వాడు దేనికైనా చిరునామా రాయాల్సొస్తే వీధి పేరు వదిలేసి ఊరి పేరు రాసేవాడు, గుర్తుందా? తొందర మనిషి అనుకున్నాం. తొందర కాదు, సిగ్గు.

వాడి మీద కోపం రాలేదు. జాలి వేసింది. ఇంకోవైపు భయమూ వేసింది. నీ ఫోటో ఉంది, నీ గొడ్డలి ఉంది, కానీ జనం నోళ్ళలో నువ్వు మిగిలింది ఆ మాటలోనే. సన్యాసిరావు అంటే నిన్ను ఎవరు గుర్తు పడతారు? కూపు సన్యాసి అంటే రాంబిల్లి సరుగుడు తోటల్లో కూడా గుర్తు పడతారు. మనుషులు పోతే పోయారు, ఇప్పుడు మాట కూడా పోతే... ఇక ఏం పట్టుకుని నిన్ను పిలవను?

అందుకే కూపు కూపీ లాగడం మొదలెట్టాను.

మొదట ఆడవాళ్ళని అడిగాను. మాకేటి తెలుసు, మగాళ్ళు ఎల్లేవోరు వచ్చేవోరు అన్నారు. టౌనులో నువ్వు పనిచేసిన కలప అడితికి వెళ్ళి అడిగాను. ఆ ఓనరు కొడుకు చాలా మర్యాదగా కుర్చీ వేసి, టీ తెప్పించి, తెలియదండి అన్నాడు. టీ బాగుంది. దివ్యని ఫోనులో వెతకమన్నాను. ఇంగ్లీషులో కొడితే ఏమొచ్చిందనుకున్నావు? కారు! రెండే తలుపులున్న ఎర్ర కారు. దాన్ని కూపే అంటారట. మన వీధి కుర్రాళ్ళు అది విని ఒక పూటంతా మీసాలు తిప్పారు. కారోళ్ళ వీధి అంటే వాళ్ళకి అభ్యంతరం లేదట!

ఆ పిల్ల మాత్రం వదల్లేదు. తన స్నేహితురాలి నాన్న అటవీ శాఖలో చేసి రిటైరయ్యారట, ఆయనకి ఫోను చేసింది. ఆయన చెప్పింది విను. అది దొరల మాటట. ఫ్రెంచి వాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషు వాళ్ళు తెచ్చుకుంటే, అడవి కొట్టించడానికి వచ్చిన దొరల నోటి నుంచి మన వాళ్ళు అందుకున్నారట. అర్థం కోత. అంతే. నరికేది కాబట్టి కూపు.

కోత! విని నాకు హాయిగా అనిపించలేదు మావా. దేశాలు దాటి వచ్చిన మాట, చివరికి ఇంతేనా? కోతోళ్ళ వీధి అంటే రమేషు ఒప్పుకుంటాడా? కోతలు కోసేవాళ్ళ వీధి అని ఇంకో పదేళ్ళు ఏడిపిస్తారు. పైగా... అది నిజం కాదని నాకెందుకో గట్టిగా అనిపించింది. ఎందుకంటే నువ్వు ఒకసారి చెప్పావు. కాదన్నావు.

పాడేరు బస్సు గుర్తుందా?

కూపులు మూసేసి అప్పటికి ఎన్నేళ్ళో అయింది. రమేషు పెళ్ళి అయ్యాక ఓ పొద్దున్న లేచి, ఉన్నట్టుండి, పద నా కూపు చూపిస్తాను అని బయల్దేరదీశావు. మాడుగుల దాటేదాకా నేను రాణిలాగే కూర్చున్నాను. ఘాట్ ఎక్కడం మొదలైంది, మలుపు మీద మలుపు, నాకు పొద్దున తిన్న ఇడ్లీ గొంతులోకొచ్చింది. తల కిటికీ బయట పెట్టాను. సరిగ్గా అప్పుడే, కొండ మీది పని గురించి ఏళ్ళ తరబడి నోరు మెదపని మనిషివి, నీకు చెప్పబుద్ధేసింది.

"కూపంటే కొట్టిన సోటు కాదే..."

ఆ తర్వాత మాట నాకు వినబడలేదు. గాలి ఒకటి, నా వాంతి ఒకటి. తల లోపలికి తెచ్చేసరికి నువ్వు చెప్పడం అయిపోయింది. సీసా మూత తీసి నీళ్ళిచ్చావు. నేను మళ్ళీ అడగలేదు. నువ్వు మళ్ళీ చెప్పలేదు.

పైన బస్సు దిగి నడిచాం. మోళ్ళు కనబడతాయి, నరికిన బయలు కనబడుతుంది అనుకుని వచ్చాను నేను. అక్కడ ఏముంది? చిక్కటి అడవి. ఆకాశం కనబడనంత అడవి. నువ్వు చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగి, వంగి మొదళ్ళు తడిమి, "ఇదేనే సత్తీ... ఇదే" అన్నావు. ఎక్కడుంది, ఒక్క మోడైనా లేదే, దారి తప్పి కోతలు కోస్తున్నావు అన్నాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి దొరికిపోయావనుకున్నాను. ఇంటికొచ్చాక కూపు తప్పినోడా అని ఎన్నేళ్ళు ఏడిపించాను నిన్ను!

కాదే... మరేమిటి? కొట్టిన చోటు కాకపోతే ఏమిటి? ఆ మిగతా ముక్క నువ్వు పట్టుకుపోయావు.

నువ్వు పట్టుకుపోయినది ఇంకొకళ్ళ దగ్గర ఉండొచ్చని తట్టింది. గౌరయ్య అన్న. నీ రంపానికి అవతలి కొస పట్టినవాడు. మాడుగుల అవతల కూతురి దగ్గర ఉంటున్నాడు. రమేషుకి ఆదివారం సెలవైతే బండి మీద తీసుకెళ్ళమన్నాను. మొహం ముడుచుకున్నాడు కానీ తీసుకెళ్ళాడు. మన బెల్లం పట్టుకెళ్ళాను.

అన్న బాగా తగ్గిపోయాడు మావా. చెవులు పెద్దగా వినబడవు. నన్ను చూడగానే నా వెనకాల చూశాడు. సన్నేసి బావేడీ, అని అడిగాడు. కూతురు ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతాడట. రమేషు ఏదో చెప్పబోతుంటే నేనే చెప్పేశాను, కూపుకెళ్ళేడు అన్నయ్యా అని.

అలా ఎందుకన్నానో తెలియదు. నువ్వు పోయిన కొత్తలోనూ ఒకసారి అన్నాను. గ్యాసు బండ తెచ్చినతను మీ ఆయన లేరా అంటే, అలవాటు చొప్పున కూపుకెళ్ళేడు అని సంతకం పెట్టేశాను. అతను వెళ్ళిపోయాక గానీ తెలియలేదు. అప్పుడు ఏడ్చాను. ఈసారి మాత్రం ఏడవలేదు. అన్న తలూపాడు, సరేలే, వానలకి దిగిపోతాడు అన్నాడు. అంత నమ్మకంగా అంటుంటే నాకూ కాసేపు నిజమేననిపించింది.

మంచం మీద ఆయన పక్కన కూర్చుని చెవిలో అరిచాను, కూపంటే ఏమిటన్నయ్యా అని. అర్థం నాకేటి తెలుసమ్మా, అన్నాడు. పని మాత్రం చెప్పాడు. పని అడిగితే ఆయన చెవులు కూడా బాగుపడ్డాయి!

కొండని వాటాలు వేస్తారట. ఒక్కో వాటా ఒక్కో కూపు. చెట్లకి చుట్టూ రంగు గీత గీసి హద్దు కడతారట. ఈ ఏడాది ఈ కూపు కొడితే వచ్చే ఏడాది దాని పక్కది, ఆ పై ఏడాది ఇంకోటి. కొట్టేసిన కూపులో మళ్ళీ గొడ్డలి పెట్టకూడదు, మేకని కూడా తోలకూడదు. చుట్టు తిరిగి దాని వంతు వచ్చేసరికి మనిషి సగం ముసలోడైపోతాడట. అందాకా దాన్ని ముట్టకుండా వదిలేయాల్సిందే, ఆయన మాటలో ఒగ్గేయాల్సిందే.

మోడు నేలకి ఆనించి, ఏటవాలుగా కొట్టాలట. నీరు నిలిస్తే కుళ్ళిపోయి పిలక రాదు. పై ఏడాది ఫారెస్టు గార్డు వచ్చి, మీరెన్ని చెట్లు కొట్టారని చూడడు, ఎన్ని మోళ్ళకి పిలకలొచ్చాయని చూస్తాడట. నీ మోళ్ళు ఎప్పుడూ పిలకలేసేవట. ఇది చెప్తూ అన్న కళ్ళు మెరిశాయి. చెట్టు పడ్డాక అందరూ కొమ్మలు కొట్టడానికి పరిగెడితే నువ్వు ఆగి, మోడు మీద అరచెయ్యి వేసి ఒక మాట అనేవాడివట. అన్న నీ గొంతుతోనే అని చూపించాడు.

"నీ వొంతు అయిపోనాది. ఇంక నిన్నెవుడూ ముట్టుకోడు. లెగు."

మావా... నాకు ఎన్నడూ చెప్పలేదేం?

అప్పుడు అర్థమైంది. ఆ రోజు పాడేరు కొండ మీద నువ్వు దారి తప్పలేదు. నీ కూపు మధ్యలోనే నిలబడి ఉన్నావు. నీ మోళ్ళు కనబడలేదంటే అవి లేచి నిలబడ్డాయని. మొదళ్ళు తడిమింది అందుకు. నవ్వింది అందుకు. నేను అడవిలో నిలబడి అడవేదని అడిగినట్టు అడిగాను, నువ్వు ఒక్క మాట అనకుండా ఇంటికి తీసుకొచ్చేశావు. ఎంత ఓర్పయ్యా నీకు!

బస్సులో నువ్వన్న మిగతా మాట కూడా వినబడింది నాకు. లేక నేనే కూర్చుకున్నానా? తెలియదు. నువ్వే చెప్పాలి. "కూపంటే కొట్టిన సోటు కాదే... కొట్టి ఒగ్గేసిన సోటు." అదేనా? అంతేనా? ఇంకేమైనా ఉందా?

తిరుగు దారిలో రమేషు మాడుగులలో బండి ఆపి హల్వా కొన్నాడు. కొట్టు ముందు నిలబడి, అమ్మా, మన కార్శి తోట కూడా కూపే కదా అన్నాడు. నేను హల్వా నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. చెరకు నేలకి ఆనించి కొట్టండ్రా అని నువ్వు ఎందుకు అరిచేవాడివో నా కంటే ముందు వాడికి తెలిసింది. కొండ దిగొచ్చినా నువ్వు కూపు పనే చేశావు!

పంచాయతీ వాళ్ళు కూర్చున్న రోజు వీధంతా వెళ్ళాం. నేను మాట్లాడాలని మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. నాకంటే ముందు రమేషు లేచాడు. గ్రీన్ సిటీ వద్దండి, కూపోళ్ళ వీధి అని రాయండి అన్నాడు. కుర్రాళ్ళు వెనక నుంచి గొణిగారు. వాడు వెనక్కి తిరిగి, అడవిని కొట్టడం అందరికీ తెలుసురా, అది మళ్ళీ లేచేలా కొట్టడం మనోళ్ళకి తెలుసు, ఆళ్ళని కూపోళ్ళంటారు అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు.

తెలుగు మేష్టారు కూడా వచ్చారు. ఆయన ఏమైనా అంటారేమోనని బిగుసుకుపోయాను. ఆయనేమో చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. ఫ్రెంచా, ఎక్కడి ఫ్రెంచి, ఎక్కడి పాడేరు అని దివ్యని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. వెళ్తూ రమేషు భుజం తట్టి, నువ్వు నా స్టూడెంటువే కదూ, బాగా మాట్లాడేవు అన్నారు. కప్ప సంగతి ఆయనకి ఏమీ గుర్తులేదు. వీడు గుర్తు చేస్తాడేమోనని చూశాను. చేయలేదు. నమస్కారం పెట్టి, మేష్టారి బండి స్టాండు తీసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక ఎందుకు అడగలేదురా అంటే, ఒగ్గేసేనమ్మా అన్నాడు.

నిన్న కొత్త బోర్డు పెట్టారు. తప్పుల్లేకుండా, ళ కింద ళ వత్తుతో సహా. నువ్వు కూర్చునే అరుగుకి ఎదురుగానే. పొద్దున రమేషుకి ఏదో పార్శిలు వస్తే ఫోనులో దారి చెప్తున్నాడు. కూపోళ్ళ వీధి, కూ, కూ... అని అక్షరం అక్షరం పలికి మరీ చెప్తున్నాడు. అవతల వాడికి ఎంతకీ అర్థం కావడం లేదు. వీడు విసుక్కోవడం లేదు. లోపల కూర గరిట పట్టుకుని నేను వింటూ ఉండిపోయాను, వంకాయ మాడిపోయింది.

మరి నేను మాత్రం ఒగ్గేయగలనా మావా? ఒగ్గేయడమంటే మర్చిపోవడం కాదని ఇప్పుడు తెలిసింది. గొడ్డలి పెట్టకుండా, మేకని తోలకుండా, దాని మానాన దాన్ని ఉండనివ్వడం. అప్పుడు పిలక వస్తుందట. నాకూ వస్తుందా? ఎన్నేళ్ళకి? గౌరయ్య అన్నని ఆ మాట అడగడం మర్చిపోయాను.

ఈ వానలు కాస్త తెరిపిచ్చాక పాడేరు బస్సెక్కుతాను. రమేషు కూడా వస్తానన్నాడు. ఈసారి పొద్దున్న ఇడ్లీ తినను. చేతిలో నిమ్మకాయ పట్టుకుంటాను, తల కిటికీ లోపలే పెట్టుకుంటాను. ఆ మలుపు దగ్గర నువ్వు మళ్ళీ ఒకసారి చెప్పు. ఈసారి మొత్తం వింటాను.

తొలకరి పడింది. కొండల నుంచి దిగే వేళయిందని వాకిలి వైపు చూపు దానంతటదే పోతోంది. ఎన్నేళ్ళ అలవాటో కదా... పోనీలే, చూడనీ.

ఇట్లు,
నీ కూపు పెళ్ళాం
సత్తి